చిన్నపిల్లలతో శని, ఆదివారాలు: ఏ కాలంలో ఏం చేస్తున్నారు, ఎలా వెతుక్కుంటున్నారు?

మబ్బుతునక (శుక్రవారం, రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి నాలుగున్నరేళ్ళు, చిన్నవాడికి ఏడాదిన్నర. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం కాబట్టి పిల్లలతో తీరిగ్గా గడపడానికి దొరికేది శని, ఆదివారాలే. ఆ రెండు రోజులైనా వాళ్ళకి బాగుండాలని నాకు చాలా కోరిక. కానీ శనివారం పొద్దున ఫోన్ పట్టుకుని వెతకడం మొదలుపెడితే పదకొండు అయిపోతుంది. దొరికినవాటిలో సగం ఎప్పుడో అయిపోయిన కార్యక్రమాలు, మిగతావి ప్రకటనలు. "పిల్లల కోసం" అని ఉంటుంది, తీరా చదివితే ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి. ఈలోపు పిల్లలు పేచీ మొదలుపెడతారు. ఎండ ముదురుతుంది, లేదా వాన పట్టుకుంటుంది.

నేను అడిగేవి రెండు. ఒకటి, ఇలాంటివి మీరు ఎక్కడ, ఎప్పుడు వెతుకుతారు? రెండు, ఎండాకాలం, వానాకాలం, చలికాలం, ఒక్కో కాలానికి తగ్గట్టు ఐదేళ్ళలోపు పిల్లలకి నిజంగా నచ్చినవి ఏంటి? మాల్‌లో ఆటస్థలాలు కాకుండా చెప్పండి. మీరు ఏ ఊళ్ళో, ఏ దేశంలో ఉన్నా పర్వాలేదు.

తూనీగ (శుక్రవారం, రాత్రి 10:20)

శనివారం పొద్దున వెతకడమే అసలు చిక్కండీ. అప్పటికి మంచివి నిండిపోతాయి, మీకు ఓపిక ఉండదు, పక్కన పిల్లలు లాగుతుంటారు. నెల మొదట్లో ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చోండి. ఆ నెలకి సరిపడా ఒకటో రెండో పెద్దవి రాసిపెట్టుకోండి. మిగతా వారాలకి ఇంటి దగ్గరే అయిపోయేవి చాలు.

ఎక్కడ వెతకాలి అంటే, "ఈ వారం పిల్లలకి ఏముంది" అని గూగుల్‌లో కొట్టడం కన్నా మీ చుట్టుపక్కల ఉన్న సంస్థల్ని ముందు ఒక కాగితం మీద రాసుకోండి. గ్రంథాలయం, మ్యూజియం, బొటానికల్ గార్డెన్, సైన్స్ సెంటర్, ప్లానిటోరియం, జూ, చెరువు దగ్గర పక్షుల్ని చూసే బృందం, పిల్లల నాటకాలు వేసేవాళ్ళు. ఒక్కొక్కళ్ళ సొంత పేజీకి వెళ్ళి ఈమెయిల్ జాబితాలోనో వాట్సాప్ గ్రూప్‌లోనో చేరండి. ఆ తర్వాత వెతకక్కర్లేదు, కబుర్లు మీ దగ్గరికే వస్తాయి. గ్రంథాలయాల్ని చాలామంది వదిలేస్తారు. కథ చెప్పే కార్యక్రమాలు వయసుల వారీగా పెట్టేది ఎక్కువగా అక్కడే, అదీ ఉచితంగా.

ఫోన్ చేసి అడిగితే ఇంకా మేలు. మూడు ప్రశ్నలు చాలు: నాలుగేళ్ళ పిల్లలు చేతులతో చేసేది ఏమైనా ఉందా, ఎంతసేపు ఒకచోట కూర్చోవాలి, మధ్యలో లేచి వెళ్ళిపోతే పర్వాలేదా. మూడోదానికి వాళ్ళు తడబడితే ఆ కార్యక్రమం మీ ఇంటి పిల్లలకి కాదని అర్థం.

బడిగంట (శుక్రవారం, రాత్రి 10:45)

నేను చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతాను. తూనీగ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. ఏటా దాదాపు అదే రోజుల్లో వచ్చేవి కొన్ని ఉన్నాయి, వాటిని ముందే క్యాలెండర్‌లో వేసుకోవచ్చు.

మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1977 నుంచి జరుపుతున్నారు. ఆ చుట్టుపక్కల రోజుల్లో చాలా మ్యూజియాలు ప్రత్యేక కార్యక్రమాలు పెడతాయి, కొన్ని ప్రవేశం ఉచితం చేస్తాయి. అక్టోబర్ 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారం. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్ ఎగిరింది, 1967 అక్టోబర్ 10న అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది, అందుకే ఆ తేదీలు. ప్లానిటోరియాలు, సైన్స్ సెంటర్లు అప్పుడు సందడిగా ఉంటాయి. మే, అక్టోబర్ నెలల రెండో శనివారాలు వలస పక్షుల దినోత్సవాలు. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. దానికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనిపించిన పక్షుల్ని లెక్కపెట్టి పంపితే చాలు, మీ బాల్కనీ నుంచైనా సరే. నాలుగేళ్ళ పిల్లలకి కాకి, పావురం, పిచ్చుక తెలిస్తే చాలు. తను లెక్కపెట్టిన అంకె నిజమైన శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్తుందని చెప్పినప్పుడు ఆ మొహాల్లో వచ్చే గర్వం నేను తరగతిలో చూస్తుంటాను.

అయితే ఒక్క మాట. ఈ వయసు పిల్లలకి "కార్యక్రమం" పెద్దవాళ్ళకి ఉన్నంత ముఖ్యం కాదు. మ్యూజియంలో బొమ్మల కన్నా మెట్లు నచ్చుతాయి. మెట్లు ఎక్కి దిగి వచ్చేసినా ఆ రోజు వృథా అనుకోకండి.

నాన్నొక్కడే (శుక్రవారం, రాత్రి 11:10)

మబ్బుతునక గారూ, అసలు ప్రతి వారం ఏదో ఒకటి చేయాలా అని కూడా ఆలోచించండి. నేను ఒక్కడినే పెంచుతున్నాను, పాపకి ఐదేళ్ళు నిండబోతున్నాయి. వారమంతా పొద్దున్నే లేపి, తినిపించి, బడికి పరుగెత్తిస్తాను. ఆదివారం కూడా గబగబా తయారవ్వమంటే తనకి ఎలా ఉంటుంది? మా శనివారం బయట, ఆదివారం ఇంట్లో. ఆదివారం నేను బట్టలు మడతపెడుతుంటే తను సాక్సుల జతలు కలుపుతుంది. అది తనకి ఆటే, నాకు పని తగ్గుతుంది.

తూనీగ (శుక్రవారం, రాత్రి 11:25)

మీతో సగం ఏకీభవిస్తానండీ. ఇంట్లో ఉండటం మంచిదే. కానీ ఏమీ అనుకోకుండా వదిలేస్తే చాలా ఇళ్ళలో ఆ ఖాళీని నింపేది స్క్రీనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది దాటిన పిల్లలకి రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల కదలిక ఉండాలి. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి స్క్రీన్ గంట దాటకూడదు, రెండేళ్ళలోపు అసలు వద్దన్నారు. ఆ మూడు గంటలూ ఒకేసారి కాదు, నడక, పాకడం, గంతులు అన్నీ కలిపి. వారమంతా బడి, డే కేర్ చూసుకుంటాయి. శని, ఆదివారాల్లో అది మన చేతిలో ఉంటుంది.

నాన్నొక్కడే (శుక్రవారం, రాత్రి 11:32)

అది నిజమే. స్క్రీన్ విషయంలో నాకూ టెన్షన్ ఉంది. నేను చెప్పింది టికెట్ కొనుక్కుని పరుగెత్తడం గురించి మాత్రమే.

పిల్లలవార్డు (శనివారం, ఉదయం 6:30)

నైట్ డ్యూటీ నుంచి వచ్చి ఇది చదివాను. పిల్లల వార్డులో నర్సుని. ఎండాకాలం గురించి ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి నేను రాస్తాను, ఎందుకంటే ఎండ దెబ్బకి వచ్చే పిల్లల్ని చూస్తుంటాను.

చిన్నపిల్లలు మనకన్నా త్వరగా వేడెక్కుతారు, దాహం వేస్తోందని సమయానికి చెప్పరు. కాబట్టి ఎండాకాలంలో పొద్దున పదిలోపు ఇంటికి వచ్చేయండి, లేదా సాయంత్రం నాలుగు దాటాక బయలుదేరండి. పిల్లలకి కూడా అర్థమయ్యే గుర్తు ఒకటి ఉంది: నీ నీడ నీకన్నా పొట్టిగా ఉంటే ఎండ గట్టిగా ఉందని, నీడలోకి వెళ్ళిపోవాలని. నాలుగేళ్ళ పిల్లలు దీన్ని బాగా పట్టుకుంటారు, వాళ్ళే మనకి గుర్తుచేస్తారు. ఆటల మధ్య ప్రతి పావుగంటకి, ఇరవై నిమిషాలకి నీళ్ళు పట్టండి, అడిగే దాకా ఆగకండి. పార్కులో జారుడుబల్ల ఎక్కించే ముందు మీ చేతి వెనక వైపు ఆనించి చూడండి. ఇనుమే కాదు, ప్లాస్టిక్, రబ్బరు నేల కూడా కాలుతాయి.

నీళ్ళ ఆటల గురించి గట్టిగా చెబుతాను. చిన్నపిల్లలు రెండు అంగుళాల నీళ్ళలో కూడా మునిగిపోగలరు. మునిగేటప్పుడు అరుపులు, చేతులు కొట్టడం ఏమీ ఉండకపోవచ్చు, నిశ్శబ్దంగా జరిగిపోతుంది. టబ్బులో ఆడుతున్నా సరే, పెద్దవాళ్ళు ఒకరు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఫోన్ పక్కన పెట్టాలి. చేతులకి తొడిగే గాలి బుడగల్ని నమ్మకండి. ఆట అయ్యాక టబ్బు, బకెట్లు ఖాళీ చేసి బోర్లించండి.

ఆపి ఉన్న కారులో "ఒక్క నిమిషమే కదా" అని పిల్లల్ని వదలకండి. మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరగొచ్చు.

భయపెట్టడానికి రాయలేదు. ఇవి చూసుకుంటే ఎండాకాలం పిల్లలకి చాలా మంచి కాలం.

మబ్బుతునక (శనివారం, ఉదయం 8:05)

చాలా థాంక్సండీ, రాత్రంతా పనిచేసి వచ్చి ఇంత ఓపికగా రాశారు. నీడ చిట్కా మా అమ్మాయికి ఇప్పుడే చెప్పాను. బాల్కనీలో నిలబడి తన నీడ పొడవు చూసుకుంటోంది.

బడిగంట (శనివారం, ఉదయం 8:40)

దాన్ని అక్కడితో ఆపకండి! సుద్దముక్క ఇచ్చి ఒకచోట పాప పాదాల చుట్టూ గీత గీయండి. ఆ పాదముద్రల్లోనే నిలబెట్టి తొమ్మిదింటికి నీడ గీయండి, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకి గీయండి. నేను కదల్లేదు కానీ నా నీడ కదిలింది అని పిల్లలు ఆశ్చర్యపోతారు. తేదీ వేసి ఒక ఫోటో తీసి ఉంచుకోండి. రెండు మూడు నెలల తర్వాత అదే చోట, అదే సమయానికి మళ్ళీ గీస్తే నీడ పొడవూ దిక్కూ మారి ఉంటాయి. భూమి ఇరుసు 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల కాలాలు వస్తాయన్నది వాళ్ళు పెద్ద తరగతుల్లో చదువుకుంటారు. ఆ ఒరిగిన భూమి పని ఇదే, ఇప్పుడు మీ బాల్కనీలో కనిపిస్తుంది.

ఎండాకాలానికి ఇంకొకటి: ముదురు రంగు చార్ట్ కాగితం మీద ఆకులు, తాళంచెవులు, దువ్వెన లాంటివి పేర్చి గట్టి ఎండలో ఉంచండి. పిల్లలు లోపలే ఉంటారు, ఎండ తన పని తను చేసుకుంటుంది. సాయంత్రానికి చుట్టూ రంగు వెలిసిపోయి వస్తువుల ఆకారాలు మిగులుతాయి. చవక కాగితం అయితే ఇంకా త్వరగా వెలుస్తుంది. గాలికి ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్ళు పెట్టడం పిల్లల పని.

నీలిగొడుగు (శనివారం, ఉదయం 10:15)

వానాకాలం నాకు వదిలేయండి. మేమున్నచోట ఏడాదిలో చాలా నెలలు వానే. పిల్లల్ని వాన ఆగేదాకా ఇంట్లో కట్టేసి ఉంచితే బాల్యం సగం కిటికీ దగ్గరే అయిపోతుంది.

ముందు జాగ్రత్త. ఉరుము వినిపించిందా, లోపలికి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి వద్దు. చెట్టు కింద నిలబడటం అసలు కూడదు. కానీ ఆ అరగంట కూడా ఆటే. మెరుపు కనిపించగానే మొదలుపెట్టి ఉరుము వినిపించేదాకా పిల్లలతో కలిసి ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టండి. ప్రతి మూడు సెకన్లకి దాదాపు ఒక కిలోమీటరు. లెక్క పెరుగుతుంటే ఉరుము దూరంగా పోతోందని పిల్లలకి తెలుస్తుంది, భయం కూడా తగ్గుతుంది. మా చిన్నది ఒకప్పుడు ఉరుముకి నా చీర కొంగులో దూరేది. ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి గట్టిగా లెక్కపెడుతుంది.

ఉరుములు లేని వానలో బయటికి వెళ్ళండి. రెయిన్‌కోటు, బూట్లు ఉంటే సరి, లేకపోతే పాత బట్టలు. గేటు దగ్గరే ఒక తువ్వాలు, పొడి బట్టలు పెట్టి వెళ్తే తిరిగి వచ్చినప్పుడు ఇల్లంతా తడవదు. గడ్డి మీద, మట్టిలో నిలిచిన చిన్న గుంటల్లో గంతులేయనివ్వండి. రోడ్డు పక్క మురుగుతో కలిసిన నీళ్ళు, లోతు తెలియని నీళ్ళు, వరద నీళ్ళు మాత్రం వద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి, కాళ్ళ మీద గాయాలుంటే ఇంకా ప్రమాదం.

వాన వెలిశాక అరగంట ఉంటుంది చూడండి, అది నాకు అన్నిటికన్నా ఇష్టం. నత్తలు, వానపాములు బయటికి వస్తాయి. సాలెగూళ్ళు నీటి చుక్కలతో కనిపిస్తాయి. తడి నేల మీద సుద్దముక్కతో గీస్తే రంగు చిక్కగా పడుతుంది. సబ్బు బుడగలు ఊదండి: గాలిలో తేమ ఉంటే బుడగ పొర త్వరగా ఆరదు, అందుకే ఎండలో ఠపీమని పగిలేవి వాన వెలిశాక ఎక్కువసేపు తేలుతాయి. ఇంద్రధనుస్సు కోసం ఎటు చూడాలో కూడా నేర్పండి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి. సాయంత్రమైతే తూర్పున, పొద్దునైతే పడమర. సూర్యుడు 42 డిగ్రీల కన్నా పైన ఉంటే నేల మీద నిలబడ్డవాళ్ళకి కనిపించదు కాబట్టి మిట్టమధ్యాహ్నం వెతికి లాభం లేదు.

ఆదివారం పని ఇంకొకటి: ఇంటి చుట్టూ నీళ్ళు నిలిచిన డబ్బాలు, కుండీ పళ్ళేలు వెతికి ఒంపేయడం. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది, అందుకని వారానికోసారి ఒంపాలి. మా పిల్లలకి ఇది నిధి వేట లాంటిది, ఎవరికి ఎక్కువ దొరికాయో లెక్క.

చిన్నచెవులు (శనివారం, మధ్యాహ్నం 1:40)

మీ అందరి మాటలు చదువుతుంటే సంతోషంగా ఉంది. మా బాబు గురించి కూడా రాయాలనిపించింది. వాడికి నాలుగేళ్ళు, గట్టి శబ్దాలు తట్టుకోలేడు. జనం, మైకు, పెద్ద సంగీతం ఉన్నచోట చెవులు మూసుకుని ఏడుస్తాడు. "అలవాటు చేయండి, అదే పోతుంది" అని చాలామంది సలహా ఇస్తారు. బలవంతంగా తీసుకెళ్తే భయం పెరిగింది తప్ప తగ్గలేదు.

మాకు పనిచేసినవి చెబుతాను. ఎక్కడికైనా తలుపులు తెరిచే సమయానికి వెళ్తాం, మొదటి గంటలో జనం ఉండరు. కొన్ని మ్యూజియాలు, సినిమా హాళ్ళు దీపాలు, శబ్దం తగ్గించి ప్రత్యేక సమయాలు పెడతాయి. పెట్టకపోతే ఏ రోజు, ఏ గంటలో రద్దీ తక్కువో ఫోన్ చేసి అడిగితే సంతోషంగా చెబుతారు. చెవులకి పెట్టుకునే శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. వెళ్ళబోయే చోటి ఫోటోలు ముందురోజు చూపిస్తాం: ఇది గేటు, ఇక్కడ చెప్పులు విప్పుతాం, ఇక్కడ బాత్రూమ్. అక్కడికి వెళ్ళగానే "విసుగొస్తే మనం ఇక్కడ కూర్చుందాం" అని ఒక మూల చూపిస్తాం. అది ఉందని తెలిస్తే వాడు దాదాపు ఎప్పుడూ ఆ మూలకి వెళ్ళడు.

కార్యక్రమాలు పెట్టేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మైకు లేకుండా ఒక బ్యాచ్ పెట్టండి. మా లాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి, మేం అడగలేక ఇంట్లో ఉండిపోతాం.

బడిగంట (శనివారం, మధ్యాహ్నం 2:10)

మీరు చేస్తున్నది చాలా సరైన పని. ఫోటోలు ముందు చూపించడం అందరు పిల్లలకీ మేలే చేస్తుంది. వచ్చే నెల నుంచి మా బడి కథల గంటలో మైకు తీసేస్తాను.

చిన్నచెవులు (శనివారం, మధ్యాహ్నం 2:15)

మనస్ఫూర్తిగా ధన్యవాదాలండీ.

మంచుపూలు (శనివారం, సాయంత్రం 5:30)

మేం మంచు కురిసే చోట ఉంటాం. చలి రాగానే నాలుగైదు నెలలు లోపలే ఉండాలేమో అని కొత్తలో వచ్చినవాళ్ళు దిగులుపడతారు. అక్కర్లేదు. పొరలు పొరలుగా తొడగండి, లోపలి పొర నూలుది కాకుండా ఉంటే మంచిది, నూలు తడిస్తే ఒంటిని చల్లబరుస్తుంది. కారు సీటులో మాత్రం లావు కోటు విప్పేసి బెల్టు పెట్టండి. కోటు మీద బిగించిన బెల్టు బిగుతుగా కనిపిస్తుంది, కానీ ప్రమాదంలో కోటు నొక్కుకుపోయి బెల్టు వదులైపోతుంది. బెల్టు పెట్టాక కోటుని పైన దుప్పటిలా కప్పవచ్చు.

ఆటల్లో మావాళ్ళకి ఇష్టమైనది: నల్లటి గుడ్డ ముక్కని ముందే బయట పెట్టి చల్లబరిచి, దాని మీద మంచు రేకుల్ని పట్టడం. గుడ్డ వెచ్చగా ఉంటే కరిగిపోతాయి. భూతద్దంతో చూస్తే ఆరు కోణాలు కనిపిస్తాయి. రాత్రి గిన్నెలో నీళ్ళు పోసి పూలు, ఆకులు వేసి బయట ఉంచితే పొద్దునకి మంచు బిళ్ళ. చలి తక్కువగా ఉండే చోట్ల ఫ్రీజర్‌లో చేయొచ్చు.

ఆరుబయలు (శనివారం, రాత్రి 8:15)

చలికాలానికి ఒక పెద్ద సుఖం ఉంది, అది ఎవరూ చెప్పలేదు. త్వరగా చీకటి పడుతుంది! ఎండాకాలంలో నక్షత్రాలు చూడాలంటే పిల్లలు నిద్రపోయే వేళ దాటిపోతుంది. చలికాలంలో ఏడింటికే ఆకాశం సిద్ధంగా ఉంటుంది.

డిసెంబర్ నుంచి మార్చి దాకా సాయంత్రం ఆకాశంలో ఒకే వరసలో మూడు నక్షత్రాలు వెతకమనండి. అది ఓరియన్ అనే నక్షత్రాల గుంపుకి నడుము పట్టీ. మూడేళ్ళ పిల్లలు కూడా పట్టేస్తారు. దానికి ఒకవైపు ఎర్రగా ఆర్ద్ర, ఇంకోవైపు తెల్లగా, నీలంగా రైజెల్. నక్షత్రాలన్నీ తెల్లగా ఉండవని చూపించడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆ దగ్గర్లోనే చిన్న గుంపుగా కృత్తికలు. ఎన్ని కనిపిస్తున్నాయో ఒక్కొక్కరూ లెక్క చెప్పాలి, కంటి చూపుని బట్టి, ఊరి వెలుతురుని బట్టి లెక్కలు మారతాయి.

ఉల్కలు చూడాలంటే పిల్లలున్న ఇళ్ళకి ఆగస్టు వాటికన్నా డిసెంబర్ 13, 14 చుట్టూ వచ్చే జెమినిడ్స్ నయం. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నవాళ్ళకి రాత్రి తొమ్మిది, పది నుంచే కొన్ని కనిపిస్తాయి, తెల్లవారుజాము దాకా మేలుకోనక్కర్లేదు. చాప, దుప్పటి, ఫోన్ లైటు ఆపేయడం, అంతే సామాను. కళ్ళు చీకటికి అలవాటుపడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి మధ్యలో ఎవరూ ఫోన్ తెరవకూడదు.

చంద్రుణ్ణి చూడటానికి పున్నమి కన్నా సగం చంద్రుడు మంచిది. వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడతాయి, మామూలు బైనాక్యులర్‌తో కూడా తెలుస్తాయి. 2010 నుంచి నాసా ఏటా సెప్టెంబర్, అక్టోబర్లలో ఒక శనివారం "అబ్జర్వ్ ది మూన్ నైట్" జరుపుతోంది. మీ దగ్గర ఖగోళ క్లబ్ ఉంటే టెలిస్కోప్ పెడతారేమో కనుక్కోండి.

అమ్మమ్మకబుర్లు (ఆదివారం, ఉదయం 7:20)

అమ్మా మబ్బుతునకా, నాకు నలుగురు మనవలు. మీరంతా కష్టపడి ఇంత ఆలోచిస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తోంది. నాకు తెలిసింది ఒకటే చెబుతాను. ప్రతిసారీ కొత్తచోటు అక్కర్లేదమ్మా. ఒక చెట్టు, ఒక చెరువు గట్టు, ఒక పార్కు బెంచీ, ఏదో ఒకటి పట్టుకోండి. నెలకొకసారి అక్కడికే వెళ్ళండి. ఆకులు రాలడం, చిగురు రావడం, పూత, పిందె, పిట్ట గూడు కట్టడం, నీళ్ళు తగ్గడం, పెరగడం, పిల్లలు కాలాల్ని అలా నేర్చుకుంటారు. చిన్న పిల్లలకి మళ్ళీ మళ్ళీ చేయడమే ఇష్టం. ఒకే కథ పదిసార్లు చెప్పించుకోరూ? మా పెద్ద మనవడు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళగానే ముందు చీమల పుట్ట ఎలా ఉందో చూస్తాడు. ఆ పుట్టని వాడికి ఎవరూ చూపించలేదు, వాడే కనిపెట్టుకున్నాడు.

విత్తనాలు కూడా వేయించండి. ముల్లంగి అయితే మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది, త్వరగా పెరిగే చిన్న రకమైతే దాదాపు నెలలో దుంప ఊరుతుంది. పిల్లల ఓపికకి అది సరిపోతుంది. గాజు గ్లాసు లోపల తడి దూది, గోడకి ఆనించి చిక్కుడు గింజ పెడితే ముందు వేరు, తర్వాత మొలక రావడం కళ్ళారా కనిపిస్తుంది. శనివారం పెడితే తర్వాతి శనివారానికి చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది.

మబ్బుతునక (ఆదివారం, మధ్యాహ్నం 3:00)

అమ్మమ్మ గారూ, మీరు చెప్పింది చదివి మా ఆయనకి గట్టిగా చదివి వినిపించాను. మా అపార్ట్‌మెంట్ వెనక ఒక పెద్ద చెట్టుంది. దాని దగ్గరే మొదలుపెడతాం.

ఇప్పుడు అసలు చిక్కు. మా ఇద్దరి వయసులు వేరు. పెద్దది తీరిగ్గా చీమల్ని చూస్తుంటే చిన్నవాడు వాటిని తొక్కుతాడు. పైగా వాడు మధ్యాహ్నం పన్నెండుకి పడుకోవాలి. బయట ఉంటే కునుకు పోతుంది, సాయంత్రమంతా ఏడుపే. ఇద్దరికీ కుదిరేలా ఎలా చేస్తున్నారు?

తూనీగ (ఆదివారం, మధ్యాహ్నం 3:30)

నిద్ర సమయాన్ని కదపకండి, రోజుని దాని చుట్టూ పెట్టుకోండి. ఏడాది, రెండేళ్ళ మధ్య పిల్లలకి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. ఎనిమిదిన్నరకి బయటికి, పదకొండుకి ఇంట్లో. అంతకన్నా పొడుగ్గా ఏదైనా ఉంటే మీ ఇద్దరిలో ఒకరు పెద్దదాన్ని తీసుకెళ్ళడం, ఇంకొకరు చిన్నవాడితో ఉండటం నెలకొకసారి పెట్టుకోండి. ఒక్కర్తే అమ్మతోనో నాన్నతోనో వెళ్ళడం పెద్దదానికి చాలా ఇష్టంగా ఉంటుంది. తమ్ముడు పుట్టాక తనకి పోయినది అదే కదా.

నీలిగొడుగు (ఆదివారం, సాయంత్రం 4:10)

ఏడాదిన్నర పిల్లలకి చేతిలో పని ఉండాలి. చిన్న బకెట్ ఇవ్వండి, రాళ్ళు వేయడం, ఒంపడం, మళ్ళీ వేయడం. పెద్దది చూస్తున్నదాన్ని వాడికి చూపించాలని ప్రయత్నించకండి, వాడి లోకం వేరు. నీళ్ళు, మట్టి, ఇసుక ఈ మూడూ ఇద్దరికీ కుదురుతాయి. పెద్దది కాలువ తవ్వుతుంది, చిన్నవాడు అందులో నీళ్ళు పోస్తాడు. నోట్లో పెట్టుకునేంత చిన్న రాళ్ళు మాత్రం ముందే ఏరేయండి.

పిల్లలవార్డు (ఆదివారం, సాయంత్రం 5:15)

అవును, రాళ్ళ గురించి నేనూ అదే రాయబోతున్నాను. మూడేళ్ళలోపు పిల్లలకి టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి గొట్టంలో పట్టేది ఏదైనా గొంతుకి అడ్డం పడొచ్చు. ఒక గొట్టం దాచుకుని కొలిచి చూడండి. గింజలు, బటన్ బ్యాటరీలు కూడా అంతే. బ్యాటరీ మింగాడని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, వేచి చూడకూడదు.

నాన్నొక్కడే (ఆదివారం, రాత్రి 8:45)

టికెట్ల గురించి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. జూకో, సైన్స్ సెంటర్‌కో ఏడాది పాస్ దొరికితే అది వేరే సంగతి. రోజు టికెట్ కొంటే డబ్బు పోయిందని సాయంత్రం దాకా పిల్లల్ని ఈడుస్తాం. పాస్ ఉంటే గంటలో వచ్చేసినా బాధ ఉండదు. ఆ రోజు ఏనుగుని మాత్రమే చూసి వచ్చేయొచ్చు.

తూనీగ (ఆదివారం, రాత్రి 9:05)

పాస్ కొనే ముందు వానాకాలంలో, ఎండాకాలంలో అక్కడ లోపల కూర్చునే చోటు ఉందో లేదో చూసుకోండి. అంతా ఆరుబయటే అయితే ఏడాదిలో సగం నెలలు ఆ పాస్ పనికిరాదు. పిల్లలకి ఎంత వయసు దాకా ఉచితమో కూడా అడగండి. చాలాచోట్ల చిన్నపిల్లలకి టికెట్ ఉండదు, అప్పుడు పెద్దవాళ్ళ పాస్ ఒక్కటే తీసుకుంటే సరిపోతుంది.

మబ్బుతునక (ఆదివారం, రాత్రి 9:40)

అందరివీ రాసుకున్నాను. ఈ నెలకి చెట్టు, నీడ గీతలు, చిక్కుడు గింజ. రేపు గ్రంథాలయానికి ఫోన్ చేసి తూనీగ గారి మూడు ప్రశ్నలు అడుగుతాను, మైకు ఉంటుందా అని నాలుగోది కూడా. చిన్నచెవులు గారూ, మైకు లేని బ్యాచ్ ఉందంటే మీకు ఇక్కడే రాస్తాను.

అమ్మమ్మకబుర్లు (ఆదివారం, రాత్రి 9:55)

చిక్కుడు గింజలు ఒకటి కాదమ్మా, నాలుగైదు పెట్టు. ఒక్కటే పెడితే అది మొలవకపోయిందంటే పిల్ల ఏడుస్తుంది. రాత్రే నానబెట్టి ఉంచు, దూది తడిగా ఉండాలి కానీ గింజ నీళ్ళలో మునగకూడదు, మునిగితే కుళ్ళిపోతుంది.